కొంగకు చెరువు కావాలి, దొర్లే కంపకు చెదిరిన నేల చాలు

వీరాపురం కొంగలు సైబీరియా నుంచి వస్తాయని ఏటా సంక్రాంతి దాటగానే ఎక్కడో ఒకచోట అచ్చవుతుంది. కౌబాయ్ సినిమాల్లో ఖాళీ వీధిలో దొర్లుకుంటూ పోయే ఎండు కంపబంతి, అదే టంబుల్‌వీడ్, అమెరికా సొంత మొక్కని మనందరి నమ్మకం. రెండూ తలకిందులే. పాత అనంతపురం జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) సైబీరియా మొహం చూసింది లేదు. భారత ఉపఖండం, ఆగ్నేయాసియా దాని ఇలాకా. నీళ్లను బట్టి ఆ లోపలే తిరుగుతుంది. టంబుల్‌వీడ్ మాత్రం అచ్చంగా రష్యా, ఉక్రెయిన్ వైపు మైదానాల మొక్క. 1870ల్లో అక్కణ్నుంచి వలస పోయిన రైతుల అవిసె విత్తనాల్లో కలిసి అమెరికాలోని డకోటా ప్రాంతానికి చేరింది.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే వాదన ఒకటుంది. కరువు సీమలో కాలు నిలవదు, కొంగైనా కంపైనా మనిషైనా కదిలితేనే బతుకు అని. అనంతపురం నుంచి బెంగళూరుకు బస్సెక్కే కూలీలకు ఈ మాట అంటగట్టి, అదేదో ప్రకృతి ధర్మమన్నట్టు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది గానీ కొంగ విషయంలోనూ కంప విషయంలోనూ ఇది తప్పు. ఆ రెండూ కదలడం నిజమే. నేల నుంచి అవి అడిగేవి మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒక ఊరి పొలిమేరలో ఏది చేరుతుందన్నది గాలి తేల్చదు, ఆ ఊరివాళ్లు నేలనూ చెరువునూ ఎలా ఉంచారన్నది తేలుస్తుంది.

మొదట కంప సంగతి. ఎండిపోయాక విరిగి గాలికి దొర్లే మొక్కలు చాలా ఉన్నాయి. మన సముద్రపు ఒడ్డున ఇసుక మీద దొర్లే రావణాసురుడి మీసాల ముళ్లబంతి కూడా ఆ కోవదే. సినిమాల్లో కనిపించేది ఎక్కువగా సాల్సోలా ట్రాగస్ అనే మొక్క. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లతో ఒకే కుటుంబం. లేతగా ఉన్నప్పుడు పశువులు మేస్తాయి. 1930ల దుమ్ము తుపాన్ల కరువులో కాన్సాస్ రైతులు దీన్నే కోసి ఎండబెట్టి గొడ్లకు మేతగా వేశారు. ముదిరితే ప్రతి ఆకూ ముల్లే.

దాని బతుకు ఒక్క ఏడాది. చలి తగ్గగానే మొలుస్తుంది, వేసవంతా పెరుగుతుంది, వేసవి చివర్లో విత్తనం పడుతుంది, మళ్లీ చలి వచ్చేసరికి చస్తుంది. తల్లివేరు మీటరు దాటి కిందికి దిగి, పక్క మొక్కలకు అందని తేమను తాగుతుంది. విత్తనం ముదిరాక కాండం మొదట్లో, నేలకు ఆనుకునే చోట, ఒక పొరలోని కణాలు బలహీనపడతాయి. పండుటాకు తొడిమ దగ్గర ఊడటానికి ఏది కారణమో ఇక్కడా అదే, కాకపోతే ఇది మొత్తం మొక్కనే వేరు నుంచి విడదీస్తుంది. గట్టి గాలి ఒకటి తగిలితే టక్కున విరుగుతుంది, వేరు గుంతలోనే ఉండిపోతుంది. దొర్లుతున్నది చచ్చిన మొక్క. అందులో ప్రాణమున్నది విత్తనానికే.

ఆ విత్తనాలు పెద్ద మొక్కకు రెండున్నర లక్షల దాకా ఉంటాయి. ముళ్లాకుల చంకల్లో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి అన్నీ ఒకచోట రాలవు. బంతి నేలకు కొట్టుకున్నప్పుడల్లా కొన్ని రాలుతూ, పోయిన దారంతా చల్లుకుంటూ పోతుంది. విత్తనం లోపల దాచుకున్న తిండి లేదు. చుట్టచుట్టుకున్న పిండం ఒక్కటే ఉంటుంది. అందుకే దానికి తొందరెక్కువ. కాస్త వాన పడి పైమట్టి తడిస్తే చాలు, చుట్ట విప్పుకుని గంటల్లో వేరు బయటపెడుతుంది.

దాని బలహీనత కూడా ఆ తొందరలోనే ఉంది, మన రైతుకు పనికొచ్చే పాఠం ఇక్కడే. తిండి మూట లేని ఆ లేత వేరుకు గట్టి నేలను చీల్చే శక్తి లేదు. పై పొర బిగిసిన నేల మీద పడితే పైపైనే ఎండి చస్తుంది. గడ్డి దుబ్బులు అల్లుకున్న చోట వాటితో పోటీ పడలేదు. ఏడెనిమిది సెంటీమీటర్ల కన్నా లోతుగా పూడితే పైకి రాలేదు. నేలలో ఏడాది, రెండేళ్లకు మించి బతికుండే విత్తనాలు బహు తక్కువ. అంటే దాని వంశం నిలవాలంటే ఏటా ఎవరో ఒకరు నేలను విప్పి, వదులు చేసి, ఏ కప్పూ లేకుండా వదిలేయాలి. అమెరికా మైదానాల్లో సరిగ్గా అదే జరిగింది. తరతరాల గడ్డిని నాగళ్లు తిరగేశాయి, రైలు కట్టల కోసం నేల తవ్వారు, పశువుల బోగీల్లో విత్తనం దూరాలు పోయింది. ఓ ముప్పై ఏళ్లలో పశ్చిమ రాష్ట్రాలన్నిటికీ పాకింది. 2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని విక్టర్‌విల్‌లో ఇళ్ల గుమ్మాలకు అడ్డంగా ఈ కంప గుట్టలు పడితే జనం బయటికి రాలేకపోయారు. అందరూ గాలినే తిట్టారు. గాలి అక్కడ అంతకుముందూ ఉంది, కొత్తగా వచ్చింది విప్పిన నేల.

ఇక కొంగ. మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, రెక్కలు చాపితే మీటరున్నర, బరువు రెండు నుంచి మూడున్నర కిలోలు. ఇది కంటితో చూసి వేటాడదు. ముక్కు కాస్త తెరిచి నీళ్లలో ముంచి, తలను ఇటూ అటూ ఆడిస్తూ, కాలితో బురద కదుపుతూ మెల్లగా నడుస్తుంది. ముక్కు మధ్యకు చేప తగిలిన క్షణం టపీమని మూసుకుంటుంది. దీని దాయాదిగా అమెరికాలో ఉన్న ఉడ్ స్టార్క్ మీద 1960ల్లో కొలిచి చూస్తే, చేప తగలడానికీ ముక్కు మూసుకోవడానికీ మధ్య పట్టింది సెకనులో నలభయ్యో వంతు. కాబట్టి నీళ్లు మట్టిరంగులో ఉన్నా దానికి ఇబ్బంది లేదు, మన ఎర్రనేలల చెరువులు దానికి సరిపోతాయి. ఇబ్బంది లోతుతోనే. కాలు, ముక్కు రెండూ అందే లోతు దాటితే చెరువులో చేపలు ఎన్నున్నా దాని కడుపు నిండదు.

అందుకే ఎర్రకాళ్ల కొంగకు నిండు చెరువు కంటే తగ్గుతున్న చెరువు ముఖ్యం. ఈశాన్య రుతుపవనాల చివరి వానలు ఆగాక, జనవరి నుంచి మన చెరువులు అంగుళం అంగుళం ఇంకుతాయి. అంతదాకా చెల్లాచెదురుగా ఉన్న చేపపిల్లలు తక్కువ నీళ్లలో గుమికూడతాయి. కొంగ గూడు కట్టేది సరిగ్గా అప్పుడు. ఉత్తరాదిలో ఇదే కొంగ వానాకాలం ముగిసే నాటికే గూళ్లు మొదలుపెడుతుంది. అక్కడి నీళ్ల లెక్క వేరు, దాని నెలలూ వేరు. ఎండల్లో మాడిపోతున్న మన చెరువు దాని వంటిల్లు. ఆగస్టుకల్లా పిల్లలు ఎగిరిపోతాయి.

వంటింటి ఖర్చూ చూద్దాం. గూటికి రెండు నుంచి అయిదు గుడ్లు, నెలరోజుల పొదుగు, తర్వాత పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఎదిగే పిల్లకు రోజుకు దాదాపు అరకిలో చేప కావాలి. గూట్లో మూడు పిల్లలుంటే కిలోన్నర. ఊళ్లో వంద గూళ్లుంటే రోజుకు 150 కిలోలు, పెద్ద కొంగల తిండి కాకుండానే. ఇదంతా మోకాటి లోతు నీళ్ల నుంచే రావాలి, అది కూడా ఏప్రిల్, మే నెలల్లో. ఒక్క చెరువు ఇంత ఇవ్వలేదు. ఒకటి ఎండేలోపు ఇంకొకటి సరైన లోతుకు రావాలి. ఈ లోపు ఒక కొంగ చేపలకు పోతే రెండోది గూటి మీద ఎండకు వీపు పెట్టి, రెక్కలు పరిచి పిల్లలకు నీడ పడుతుంది. మన ఏప్రిల్ ఎండలో ఆ నీడ కాసేపు లేకపోయినా పిల్ల బతకదు. కుక్క తరిమినా, పటాసు పేలినా, డ్రోను ఎగిరినా కాపలా కొంగ లేచిపోతుంది. ఫొటోల కోసం చెట్టు కింద గుంపు కట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి రెండున్నర లక్షల విత్తనాలు వదిలి, ఒక్కదాని బాగోగులూ చూడదు. రెండోది మూడు పిల్లల కోసం మూడు నెలలు ఎండలో నిలబడుతుంది. రెండున్నర లక్షల్లో ఒక్కటి మొలిచినా కంప గెలిచినట్టే, కాబట్టి ఏ ఊరైనా దానికి ఫరవాలేదు. కొంగ అలా కాదు. అదే ఊరికి, అవే చెట్లకు మళ్లీ వస్తుంది. ఇంత గట్టి కాపురస్తురాలిని దేశదిమ్మరి అనడం అన్యాయం.

పనిలో పనిగా, నిజంగా ఆ సైబీరియా మంచు నుంచి వచ్చే చుట్టాన్ని మనం పట్టించుకోం. చలికాలంలో చెరువు ఒడ్డున తడి బురద మీద పరుగులు తీసే ఉల్లంకి పిట్టల గుంపులో లిటిల్ స్టింట్ అని ఒకటుంటుంది. ఇరవై, నలభై గ్రాముల మధ్య బరువు, పిచుకంత ఉంటుంది. గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ ఒడ్డున. దానికి కావలసింది గోరు మునిగేంత నీళ్లు, మెత్తటి బురద. పేపర్లో ఎప్పుడూ పడదు.

నేల దగ్గరికి వస్తే, అనంతపురంలో ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. జూన్, జులైలో వేరుశనగ వేస్తారు, అక్టోబరు, నవంబరులో పీకుతారు. వేరుశనగను కోయరు, వేరుతో సహా పెరుకుతారు. అంటే పంట తీయడమే నేలను గుల్ల చేయడం. ఆ గుల్ల నేల మళ్లీ జూన్ దాకా నగ్నంగా ఉంటుంది. పైగా మనకు గాలి ఉధృతం జూన్ నుంచి ఆగస్టు వరకు, కొత్త పైరు నేలను కప్పకముందే. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి నది ఇసుక చేల మీదికి పాకి దిబ్బలు కట్టింది కూడా ఈ గాలే.

టంబుల్‌వీడ్ ఇక్కడికి రావలసిన పని లేదు, దాని కొలువు వయ్యారిభామ (పార్థీనియం) చేస్తోంది. 1955లో పుణె దగ్గర మొదట గుర్తించారు. అమెరికా గోధుమల్లో కలిసి వచ్చిందంటారు. అవిసెలో దాక్కుని డకోటా చేరిన కంప కథే ఇది, ఓడ ఎదురు దారి పట్టిందంతే. ఒక్కో మొక్కకు వేల విత్తనాలు. కంపలాగే ఇదీ చెదిరిన నేలనే వెతుక్కుంటుంది: రోడ్డు పక్క మట్టి, లేఅవుట్ వేసి వదిలేసిన ప్లాటు, పూడిక పోసిన గట్టు. పూతకు ముందే చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. పూత వచ్చాక పీకి గట్టు మీద పడేస్తే విత్తనం అక్కడే ముదురుతుంది. పీకిన చోట ఇంకేదీ మొలవనివ్వకపోతే వచ్చే వానకు మళ్లీ అదే వస్తుంది. పీకడం సగం పని, కప్పడం మిగతా సగం.

కప్పడానికి మెట్ట రైతు చేతిలో మార్గాలున్నాయి. ఏడు సాళ్లు వేరుశనగకు ఒక సాలు కంది, లేదా పదకొండుకు ఒకటి చొప్పున వేస్తే, వేరుశనగ పీకాక కూడా కంది జనవరి దాకా నిలబడుతుంది. జొన్న, సజ్జ కోసేటప్పుడు అడుగు ఎత్తు కొయ్యకాళ్లు వదిలితే గాలి నేలను నేరుగా తాకదు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి ఇప్పుడు జిల్లాలో తెలిసిందే. విత్తనానికి బంకమట్టి, బూడిద పట్టించి పొడి దుక్కిలోనే చల్లితే వేసవి జల్లు ఒకటి పడగానే మొలుస్తాయి. అందులో పోయేవి పోతాయి. మట్టి పట్టించకుండా చల్లితే మాత్రం చీమలూ పిట్టలూ తిని, మిగిలింది సగం తడికే మొలిచి చస్తుంది.

నీళ్ల పక్షుల గణంలోనే పుట్టి నీళ్ల మొహం చూడని పిట్ట ఒకటి కడప జిల్లాలో ఉంది: కలివికోడి. ఉల్లంకి పిట్టలున్న గణమే దానిదీ, బతుకు మాత్రం పలుచటి ముళ్లపొదల మధ్య ఎండు నేల మీద. 1848లో పక్షి శాస్త్రజ్ఞుడు జెర్డాన్ లోకానికి తెలిపాడు. తర్వాత చాలాకాలం కనిపించక, అంతరించిందనుకున్నాక, 1986లో సిద్ధవటం, బద్వేలు వైపు అడవిలో మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. చెరువు మాటెత్తని ఈ పిట్ట నా వాదనకు అడ్డం రాదు. అదీ అడిగేది కదిలించని నేలనే. పొదలు కొట్టి దున్నినా, బుల్డోజరు తిరిగినా దాని ఇల్లు పోయినట్టే.

ఇక చెరువు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని శాసనం. అదే శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం దోషాల్లో కొన్ని. చెరువు గర్భంలో తాబేలు వీపులా మెట్ట ఉండటమూ దోషమే అన్నారు. నీటి లెక్కలో సబబే, ఆ మేరకు నిల్వ తగ్గుతుంది. పక్షి లెక్కలో ఆ మెట్టే భాగ్యం. చుట్టూ నీళ్లున్న దిబ్బ మీద నాలుగు తుమ్మచెట్లుంటే పిల్లీ కుక్కా చేరని గూడు. ఆరువందల యాభై ఏళ్ల నాటి పద్ధతిని గౌరవిస్తూనే ఈ ఒక్క దోషాన్ని మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

పూడికతీతలోనే ఇప్పుడు ఎక్కువ నష్టం జరుగుతోంది. తీయొద్దని కాదు. ఘనపు మీటర్ల లెక్కన బిల్లు వస్తుంది కాబట్టి జేసీబీ దారికి దగ్గరగా, ఒడ్డున, నిట్టనిలువు గోడతో గుంత తీస్తుంది. వాన పడితే నీళ్లన్నీ ఆ గుంతల్లో నిలుస్తాయి. చెరువు నిండినట్టు కనిపిస్తుంది గానీ మోకాటి లోతు పట్టీ అనేదే మిగలదు. కొంగ దిగలేదు, గొడ్డు దిగితే ఎక్కలేదు, ఈతకు దిగిన పిల్లలు మునుగుతారు. చేయవలసింది ఇది: కట్ట పాదం నుంచి కనీసం 20 మీటర్లు ముట్టుకోకూడదు. ఎదుటి ఒడ్డున, వంక దిగే వైపు, నీళ్లంచు పట్టీని అలాగే వదలాలి. తవ్వేది నడిగర్భంలో, పది పదిహేను అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తూ. నల్లటి ఒండ్రు అయిపోయి గరుసు మట్టి రంగు తేలగానే ఆపాలి. ఇంకా తవ్వితే చెరువు అడుగు చిల్లిపడి నీళ్లు నిలవవు. తీసిన మట్టిలో కొంత నిండు మట్టం కన్నా మీటరు పైకి వచ్చేలా నడుమ దిబ్బగా పోసి, నల్లతుమ్మ నాటాలి. అది కొంతకాలం మునిగినా తట్టుకుంటుంది. మిగతాది చేలకు తోలుకోవచ్చు. గర్భంలో సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుంటే పెద్ద కొంగకు దిగే జాగా ఉండదు, దాన్ని మొద్దుతో సహా తీయాలి. కొట్టి వదిలితే ఒకటికి పది కొమ్మలు వేస్తుంది.

చెట్టు సంగతి డబ్బు సంగతి. చింతచెట్టు ఇంటి యజమానిది. గూళ్ల బరువుకు కొమ్మలు విరుగుతాయి, రెట్టకు ఆకు మాడుతుంది, కాపు తగ్గుతుంది, కింద వాసన. రెట్ట ఎరువుగా పనికొస్తుంది, సరే, ఆ లాభం కాపు నష్టాన్ని పూడ్చదు. ఊరి పుణ్యానికి ఒక ఇల్లు ఏటా నష్టపోవాలనడం నాకు నచ్చదు. మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరులో చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారమిచ్చే పద్ధతి ఉంది. ఇక్కడా చెట్టుకింత అని అద్దె కట్టాలి, అదీ కొంగలు రాకముందే. కొమ్మలు దించుకోవాలంటే సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు. చెట్ల మీదుగా పోయే కరెంటు తీగలకు తొడుగు వేయడానికీ అదే అదను.

గాలికి గూటి నుంచి పిల్ల కిందపడితే తల్లి నేల మీదికి వచ్చి మేపదు. ముందు కుక్కల్ని తరమాలి. తల మీద బట్ట కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి ఎత్తి, అడుగున గోనె పరిచిన అట్టపెట్టెలో నీడన పెట్టాలి. భయానికి మింగిన చేపలు కక్కుతుంది, ఒక్కోసారి చచ్చినట్టు పడి ఉంటుంది. చచ్చిందని వదిలేయకూడదు. నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అటవీశాఖకు చెప్పి, వాళ్లు వచ్చేలోపు చిన్న చేపలు ముందు పెడితే చాలు.

చెరువు చేపలను వేలంపాటలో పాడుకున్నవాళ్ల అభ్యంతరం న్యాయమైనదే, కొట్టిపారేయలేం. డబ్బు పెట్టి కట్ల, రోహు పిల్లలు వదిలితే కొంగల పాలవుతున్నాయని వాళ్ల గోడు. పిల్లను వేలెడంత సైజులో వదిలితే నిజంగానే పోతుంది. జానెడు దాకా గుంతలో పెంచి వదిలితే అది లోతుకు పోతుంది, కొంగకు అందదు. ఒడ్డున కొంగ తినేదాంట్లో ఎక్కువ భాగం పరిక, జిలేబి పిల్లల్లాంటి ఎవరూ వెల కట్టని చిల్లర చేప. అసలు తగాదా వేసవిలో వస్తుంది. చివరి చేప కోసం మోటారు పెట్టి చెరువును అడుగంటా తోడేస్తారు. అప్పుడు గూళ్లలో పిల్లలు సగం ఎదిగి ఉంటాయి. పాట కాగితంలోనే రెండు వాక్యాలు చేర్చాలి: మోటారుతో తోడి చేప పట్టరాదు, ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా తూము గడప కింద మిగిలిన నీళ్లను ముట్టరాదు. దానికి తగ్గట్టు పాట సొమ్ములో ఎంత తగ్గించాలో పాటకు ముందే గ్రామసభలో తేల్చుకోవాలి.